గంటా పదహారు నిమిషాలు

మా అన్నయ్య పోయిన రోజున నేనూ వదినా ఒంగోలు దాకా కూడా వెళ్లలేకపోయాం.

అన్నయ్య యానాంలో గవర్నమెంటు ఉద్యోగి. రిటైర్మెంటు మూడేళ్లుందనగా పాండిచ్చేరికి ట్రాన్స్‌ఫర్ చేశారు. మా ఊళ్లో ఇది కొత్త సంగతేం కాదు. చుట్టూ ఉన్నది ఆంధ్రా అయినా మా ఫైళ్లన్నీ పాండిచ్చేరిలోనే ఉంటాయి, పెద్ద సంతకాలన్నీ అక్కడే పడతాయి. "మూడేళ్లే కదా, ఇట్టే అయిపోతాయి" అని వదిన ఇక్కడే ఉండిపోయింది. ఆమె ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. అడవిపొలం నుంచి, దరియాలతిప్ప నుంచి కూడా ఆడవాళ్లు గుడ్డ పట్టుకుని ఆమె దగ్గరికే వస్తారు. ఈ పెళ్లిళ్లు అవగానే వస్తానని అన్నయ్యకి ఫోన్లో చెప్పేది. అవి అయ్యేలోపు ఇంకొన్ని ముహూర్తాలు వచ్చి పడేవి. రెండు నెలలకోసారి అన్నయ్యే వచ్చి వెళ్లేవాడు. అలా రెండేళ్లు గడిచాయి గానీ, ఆయన ఉంటున్న గది ఎలా ఉంటుందో వదిన ఒక్కసారీ చూడలేదు.

నేను వాళ్లతోనే ఉండేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. ఆ కథ ఇక్కడ అవసరం లేదు. బస్టాండుకి దగ్గర్లో నాకో చిన్న టికెట్ల షాపుంది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వచ్చినవాళ్లు కూర్చోడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు. రైలు, బస్సు, విమానం, ఏదైనా బుక్ చేస్తాను. మా ఊరి నుంచి విమానం అంటే ముందు రెండు గంటలకి పైగా కారులో రాజమండ్రి వెళ్లి, అక్కడి నుంచి మధురపూడి చేరుకోవాలి. ఎంతమందికి టికెట్లు తీశానో లెక్కలేదు గానీ, నేను మాత్రం విమానం లోపల ఎలా ఉంటుందో అప్పటికి చూడలేదు.

ఆ రోజు పొద్దున్న ఏడింటికి అన్నయ్య ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. తెల్లారగట్ల గుండెలో నొప్పి వచ్చిందని, ఆస్పత్రిలో చేర్పించామని, మాట్లాడుతున్నారని, వదినని తీసుకుని బయల్దేరమని చెప్పాడు. రైలుకి టైము కుదరలేదు. కారు మాట్లాడుకుని ఎనిమిదింటికి బయల్దేరాం. దారిలో ఒకసారి అన్నయ్యే ఫోన్లో మాట్లాడాడు. "కంగారు పడకండి, నెమ్మదిగా రండి" అన్నాడు. విజయవాడ దాటాం, చిలకలూరిపేట దాటాం. ఒంటిగంటన్నరకి, ఒంగోలు ఇంకా రాకుండానే, మళ్లీ ఆ ఆఫీసాయన ఫోన్. నేను బయటికి దిగి మాట్లాడాను. వదిన కారులోంచి నా మొహమే చూస్తోంది. "మీరింక ఇంత దూరం రావద్దమ్మా. మేమే తీసుకొస్తున్నాం. వెనక్కి వెళ్లి అక్కడ ఏర్పాట్లు చూసుకోండి" అన్నాడు ఆయన.

డ్రైవరు అక్కడే కారు వెనక్కి తిప్పాడు. ఇంటికి వచ్చేదాకా వదిన ఏడవలేదు. ఒకచోట మాత్రం, "మనం ఎటు వెళ్తున్నాం?" అని అడిగింది.

అన్నయ్య సామాను ఒక అట్టపెట్టెలో వచ్చింది. బట్టలు, కళ్లజోడు, రెండు డైరీలు, ఒక తాళంచెవి. ఆ తాళంచెవి పాండిచ్చేరి గదిది. మంచం, పరుపు, బకెట్టు లాంటివి గదిలోనే వదిలేశామని, వీలున్నప్పుడు వచ్చి తీసుకోమని చెప్పారు. వదిన తాళంచెవిని కుట్టుమెషిన్ సొరుగులో, బాబిన్‌ల మధ్య పడేసింది.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం షాపుకి వచ్చింది. వదిన షాపుకి రావడం చాలా అరుదు. టికెట్ కోసం వచ్చిన మనిషిలా కుర్చీలో కూర్చుని, కాసేపు ప్రింటరు వంక చూసి అడిగింది.

"అమ్మాయ్, రాజమండ్రి నుంచి పాండిచ్చేరికి విమానంలో ఎంతసేపు పడుతుంది?"

"అటు విమానం లేదు వదినా. చెన్నైలో దిగి బస్సెక్కాలి."

"ఉంటే ఎంతసేపు?"

ఆమె అడిగిన తీరు చూసి నేను మాట తప్పించి ఉండాల్సింది. కానీ రోజంతా జనం అడిగిందానికి జవాబు వెతికి చెప్పే పని నాది. చెయ్యి దానంతటదే పోయింది. లోకంలో ఏ రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టినా మధ్య దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టి చూపించే సైట్లు కొన్ని ఉంటాయి. వాటి మధ్య విమానం తిరుగుతుందా లేదా అన్నది వాటికి అక్కర్లేదు. రాజమండ్రి, పాండిచ్చేరి అని కొట్టాను. ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు. గంటా పదహారు నిమిషాలు. పక్కన మ్యాపులో రెండు ఊళ్లనీ కలుపుతూ ఒక నీలం గీత.

వదిన లేచి నా వెనక్కి వచ్చి నిలబడింది. గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందికి జరిపింది.

"ఇదంతా సముద్రమేనా?"

"చాలా మటుకు. మచిలీపట్నం దగ్గర సముద్రం మీదకి వెళ్తుంది, మళ్లీ మద్రాసు దగ్గర నేల మీదకి వస్తుంది."

వేళ్లు మడిచి లెక్క వేసుకుంది. ఏడింటికి ఫోన్. మధురపూడికి రెండున్నర గంటలు. ఆపైన గంటా పదహారు. "పదకొండింటికల్లా ఆయన పక్కనుండేదాన్ని" అంది. రాజమండ్రి నుంచి తిరిగేవి రెక్కలకి పంకాలుండే చిన్న విమానాలని, అవి ఇంకొంచెం ఎక్కువ సేపే తీసుకుంటాయని, ఆ సైటు పెద్ద విమానాల వేగంతో లెక్కేస్తుందని నాకు తెలుసు. అవన్నీ ఆమెకి చెప్పి ఏం లాభం? మానిటర్ ఆపేశాను.

వారం పది రోజులు గడిచాయి. నేను భోజనానికి ఇంటికి వచ్చేసరికి వదిన మెషిన్ ముందు కూర్చుని ఉంది. చేతులు గుడ్డ మీదున్నాయి, కుడిపాదం తొక్కుడు మీదుంది, సూది సగం కుట్టులో ఆగిపోయింది. కళ్లు పూర్తిగా మూసుకోలేదు, తెరుచుకోనూ లేదు. పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కదిపితే మనిషి కదిలింది గానీ లేవలేదు. ఒళ్లు చల్లగా ఉంది. పక్కింటావిడని కేకేద్దామని గుమ్మం దాకా వెళ్లాను. అంతలో వెనకనుంచి మెషిన్ చప్పుడు మొదలైంది.

"వచ్చావా" అంది వదిన. "నేనూ ఇప్పుడే వచ్చాను. కంచం పెట్టుకో."

ఎక్కడికెళ్లావని అడిగాను. మెషిన్ ఆపకుండానే, "ఆయన గదికి" అంది.

తర్వాత తరచుగా జరగడం మొదలైంది. కాకినాడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తలకి స్కానింగు తీశారు, రక్తపరీక్షలు చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. దిగులు వల్ల అలా అవుతుందని చెప్పి, నిద్ర పట్టడానికి మాత్రలు రాసిచ్చాడు. వదినకి రాత్రి నిద్ర ఎప్పుడూ బాగానే పట్టేది. మాత్రలు అలాగే ఉండిపోయాయి.

ఒక ఆదివారం షాపు కట్టేసి, మెషిన్‌కి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. రెండుకి పది నిమిషాలుందనగా ఆమె పాదం ఆగిపోయింది. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. వీధిలో చేపలమ్మే ఆవిడ కేక వినిపించింది, తర్వాత ఆటో ఒకటి వెళ్లింది. వదిన ఊపిరి మటుకు సన్నగా ఆడుతోంది. మధ్యలో ఒకసారి నీళ్లు తాగడానికి లేచాను. మూడు దాటి ఆరు నిమిషాలకి మెషిన్ కదిలింది.

గంటా పదహారు నిమిషాలు. ఆ అంకె ఆమె బుర్రలో పడేసింది నేనే కదా, అందుకే అంతసేపే అలా ఉండిపోతోందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఇంకోటి చూశాను. ఆమె చేతులు గుడ్డ మీంచి కదల్లేదు. అయినా కూర్చున్నప్పుడు భుజం మీంచి వేలాడుతున్న చీర కొంగు, లేచేసరికి బొడ్లో దోపి ఉంది. ఇల్లు ఊడ్చేటప్పుడు ఆడవాళ్లం దోపుకుంటాం చూడండి, అలా. నేను నీళ్లకి లేచినప్పుడు సర్దుకుందేమో. అలా అనుకోడానికి వీలుంది కాబట్టి అలాగే అనుకున్నాను.

ఆ రోజు దగ్గర కూర్చుని అడిగాను. దాచుకోకుండా చెప్పింది, సంతకెళ్లొచ్చిన మనిషి చెప్పినట్టు.

"చిన్న విమానం. మెట్లు వెనకవైపు ఉంటాయి, నాలుగైదే. కిటికీ పక్కన కూర్చుంటాను. పంకా కనిపిస్తా ఉంటుంది."

"ఇంకెవరుంటారు?"

"ఎవరూ ఉండరు. సీట్లన్నీ ఖాళీ."

"నడిపేవాళ్లు?"

"చూళ్లేదు. ముందు తలుపు వేసుంటుంది." కాస్త ఆలోచించి మళ్లీ అంది, "చాలాసేపు కింద సముద్రమే. దిగే ముందు నేల మీద తెల్లగా పలకలు పరిచినట్టుంటుంది. అవెందుకున్నాయో తెలీదు. దిగి గేటు బయటికొచ్చి నడుస్తాను. దగ్గరే ఇల్లు. మేడ మీద గది. ఎన్నాళ్లయిందో ఊడ్చి, దుమ్ము పట్టేసి ఉంది. ఊడుస్తాను. పక్క దులిపి దుప్పటి మడత పెడతాను."

"మరి రావడం?"

"రావడం తెలీదు. ఊడవడం అవగానే ఇక్కడుంటాను. వెళ్లడానికే టైము పడుతుంది అమ్మాయ్, అక్కడ ఉన్నంతసేపూ లెక్కకి రాదు."

ఏమీ జరగనట్టు లేచి బియ్యం కడిగింది.

గది ఎయిర్‌పోర్టు గోడకి దగ్గరని అన్నయ్య ఫోన్లో చాలాసార్లు చెప్పాడు. డాబా ఎక్కితే రన్‌వే కనిపిస్తుందని, పేరుకి ఎయిర్‌పోర్టే గానీ విమానం వస్తే పండగేనని నవ్వేవాడు. ఆ మాటలే వదిన మనసులో ఇలా తిరుగుతున్నాయని నేను గట్టిగా నమ్మాను. నమ్మకపోతే ఆ ఇంట్లో ఆమెతో ఒంటరిగా ఉండలేను.

ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఏడెనిమిది నెలలు తిరిగి తిరిగి, చివరికి పాండిచ్చేరిలో వదిన స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని కబురొచ్చింది. ఎలాగూ వెళ్తున్నాం కదా, గది కూడా ఖాళీ చేసి వద్దామనుకున్నాం. రాజమండ్రి నుంచి చెన్నైకి విమానం, అక్కడి నుంచి బస్సు. మొదటిసారి నా పేరు మీద టికెట్ ప్రింటు తీసుకున్నాను. వదిన సొరుగులోంచి తాళంచెవి తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

మధురపూడిలో బస్సు లేకుండా నడుచుకుంటూనే విమానం దగ్గరికి తీసుకెళ్లారు. ముందు నడిచేవాళ్లు కొందరు ముక్కు వైపు వెళ్లబోయారు. నేనూ అటే తిరిగాను. వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

"అటు కాదు. వెనకనుంచి ఎక్కాలి."

అంతలోనే అక్కడున్న అమ్మాయి కూడా అందర్నీ వెనకవైపుకి రమ్మని పిలిచింది. మెట్లు లెక్కపెట్టాను. అయిదు. లోపల నేను బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలీక తంటాలు పడుతుంటే వదిన తనది పెట్టుకుని, నాది కూడా తీసుకుని టక్కుమని బిగించింది. విమానం లేస్తున్నప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె కిటికీలోంచి కిందికి చూస్తోంది.

"భయంగా లేదా వదినా?"

"ఇది మనది కాదు" అంది. "మనుషులు ఎక్కువున్నారు."

చెన్నైలో బస్సెక్కి సముద్రం పక్క రోడ్డు మీద వెళ్తుంటే నాకు నిద్ర పట్టేసింది. మరక్కాణం దగ్గర వదిన తట్టి లేపింది. రోడ్డుకి ఓ పక్కన ఎంత దూరం చూసినా ఉప్పు మళ్లు. నలుపలకలుగా గట్లు వేసి, మధ్యలో తెల్లగా ఉప్పు ఆరిపోయి ఉంది.

"అవే" అంది వదిన.

"ఏవి?"

"దిగే ముందు కనిపిస్తాయని చెప్పలా? ఉప్పా ఇది. నేను సున్నం అనుకున్నాను."

ఈ ఉప్పు మళ్ల సంగతి అన్నయ్య ఎప్పుడైనా చెప్పాడేమోనని ఎంతో ఆలోచించాను. ఆయన బస్సులో ఇదే దారిన వచ్చి పోయేవాడు. చెప్పే ఉంటాడు. కానీ రోడ్డు మీంచి చూసినవాడికి అవి గట్లూ కుప్పలూ. పలకలు పరిచినట్టు కనిపించాలంటే పైనుంచి చూడాలి.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్లి సంతకాలు పెట్టాం. పని అంత తేలిగ్గా అవుతుందనుకోలేదు. మధ్యాహ్నం గదికి వెళ్దామని ఆటో ఎక్కాం. అడ్రసు కాగితం నా చేతిలో ఉంది. ఆటో అబ్బాయికి వీధి దొరక్క రెండు సందులు తిరిగాడు. ఎయిర్‌పోర్టు గోడ కనిపించగానే వదిన ముందుకి వంగి చేత్తో చూపించింది. ఇటు, మళ్లీ ఇటు, ఆ కుళాయి దగ్గర ఆపు. అతను ఆమె చెయ్యి చూసి నడిపాడు. ఆగిన చోట ఇంటి నంబరు కాగితంతో సరిపోయింది.

ఇంటావిడ డెబ్భై ఏళ్ల మనిషి. తమిళావిడే గానీ తల్లివైపు వాళ్లు నెల్లూరట, తెలుగు ఆగి ఆగి మాట్లాడింది. వదిన చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అన్నయ్య ఎంత మర్యాదస్థుడో చెప్పింది. ఆ రోజు తెల్లారగట్ల ఆయన మెట్లు దిగి వచ్చి తలుపు కొట్టడం, తను పక్కింటివాళ్లని లేపడం, అన్నీ చెప్పింది. వదిన వింటూ కూర్చుంది. కాఫీ తాగింది.

"గది ఎవరికీ ఇవ్వలేదమ్మా" అంది ఇంటావిడ. "నాకు మోకాళ్లు. పైకి ఎక్కి ఎన్నో నెలలు. ఆ రోజు ఆఫీసువాళ్లు తాళం వేసి రెండో చెవి నాకిచ్చారు. ఇదిగో, అలాగే ఉంది." దేవుడి గూట్లోంచి తీసి చూపించింది. తర్వాత గొంతు తగ్గించి నాతో అంది, "పావురాలు దూరాయేమో. మధ్యాహ్నం నేను పడుకుంటే పైన చప్పుడు వస్తుంది. చీపురు చప్పుడు మాదిరి."

వదిన అప్పటికే మెట్ల దగ్గరుంది.

తాళం తుప్పు పట్టింది. చెవి తిప్పడానికి ఇద్దరం కష్టపడ్డాం. తలుపు తీయగానే మూసిన గది వాసన వచ్చింది. కిటికీ తీసి ఉంటే పావురాలు అనుకుందును. కిటికీ రెండు రెక్కలకీ లోపలనుంచి గడియ వేసే ఉంది. అద్దాల మీద, గడియ మీద, కిటికీ చట్రం మీద మందంగా దుమ్ము. ఫ్యాను రెక్కల మీద దుమ్ము పేరుకుని అంచుల్లోంచి వేలాడుతోంది. నేల మీద మాత్రం లేదు. గచ్చు నున్నగా, ఆ పొద్దున్నే ఊడ్చినట్టు ఉంది. మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి తలవైపు ఉంది. మా వదిన మడత అది. అంచులు లోపలికి పెట్టి మడుస్తుంది. మా ఇంట్లో అందరి దుప్పట్లూ అలాగే ఉంటాయి.

నేను గడప దాటలేకపోయాను. వదిన లోపలికెళ్లి ఫ్యాను వంక చూసింది.

"అది నాకు అందలేదు" అంది.

తలుపు మూలన, గోడకి ఆనించి అన్నయ్య కొన్న కొబ్బరిచీపురుంది. దాని పక్కన చిన్న కుప్ప. దుమ్ము, దారపు పోగులు, ఎండిపోయిన బల్లి తోక. ఎవరో ఊడ్చి ఊడ్చి అక్కడికి చేర్చి వదిలేశారు.

"ఇదేంటి వదినా?" అని అడిగాను.

"ఎత్తడానికి చేట లేదు. ఎంత వెతికినా కనపళ్లేదు. కింద ఆవిణ్ని అడుగు, ఉంటుంది."

కిందికి దిగి చేట అడిగాను. ఎందుకని అడిగింది ఇంటావిడ. పైన చెత్తుందని చెప్పాను. అబద్ధం కాదు కదా. పైకొచ్చి ఆ కుప్పని నా చేతులతోనే చేటలోకి తీశాను. దారపు పోగులు కొన్ని ముదురాకుపచ్చ. ఆ నెలలో వదిన కుడుతున్న పెళ్లివారి బ్లౌజులు ముదురాకుపచ్చవి. ఆ రంగు దారాలు లోకంలో ఎన్నైనా ఉంటాయి. అన్నయ్య బట్టలకి అంటుకుని యానాం నుంచి వచ్చి ఉండొచ్చు. అయినా ఆ చేటని దూరంగా పట్టుకుని మెట్లు దిగాను, వేడి పదార్థం మోస్తున్నట్టు.

మళ్లీ పైకి వెళ్లేసరికి వదిన మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. కారు వెనక్కి తిరిగిన రోజు ఏడవని మనిషి, శవం వచ్చినప్పుడు కూడా అందరి కోసం అన్నట్టు ఏడ్చిన మనిషి, ఇప్పుడు నోట్లో కొంగు కుక్కుకుని ఒళ్లంతా కదిలేలా ఏడ్చింది. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. చాలాసేపటికి తేరుకుని మొహం తుడుచుకుని, "ఇంత చిన్న గదిలో ఉన్నారా ఈయన" అంది. నెలల తరబడి ఆ గది ఊడ్చానని చెప్పిన మనిషి, మొదటిసారి చూస్తున్నదానిలా నాలుగు గోడలూ చూసింది.

మంచం, పరుపు ఇంటావిడనే ఉంచుకోమన్నాం. దుప్పటి ఒకటి తెచ్చుకున్నాం. రెండు తాళంచెవులూ ఆవిడకే ఇచ్చేశాం.

తిరిగి వచ్చేటప్పుడు చెన్నైలో విమానం దగ్గరికి వెళ్లేసరికి వదిన నా వెనక నిలబడిపోయింది. ఎటు నుంచి ఎక్కాలని అడిగింది. లోపల బెల్టు రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, ఏం చెయ్యాలో తెలీక నా వంక చూసింది. నేనే పెట్టాను. పంకాలు తిరగడం మొదలవగానే నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు గుచ్చుకున్నాయి.

"ఏంటా చప్పుడు?"

"పంకాలు వదినా. కనిపిస్తున్నాయి కదా."

"పడిపోదు కదా?"

మధురపూడిలో దిగేదాకా కళ్లు తెరవలేదు. దిగాక గట్టు పక్కన కూర్చుని వాంతి చేసుకుంది. నీళ్లు పట్టుకుని నిలబడ్డాను. నాకేమో ఆ వాంతి చూసి గుండెలో బరువు దిగినట్టయింది. మొదటిసారి విమానం ఎక్కిన మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె.

ఆ తర్వాత మెషిన్ ముందు అలా ఆగిపోవడం జరగలేదు. మొదట్లో నేను రోజూ భోజనం వేళకి గుమ్మంలో ఆగి చప్పుడు వినేదాన్ని. నెమ్మదిగా మానేశాను. పాండిచ్చేరి ఇంటావిడ ఒకసారి ఫోన్ చేసింది. గది ఎవరో చదువుకునే ఆడపిల్లలకి ఇచ్చానని, ఇచ్చే ముందు మనిషిని పెట్టి శుభ్రం చేయిస్తే తట్టెడు దుమ్ము వచ్చిందని చెప్పింది. "మీరు వచ్చిన రోజు చేటలో తెచ్చింది అంత లేదే" అంది. నేను మాట మార్చి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాను. ఈ సంగతి వదినకి చెప్పలేదు.

షాపులో ఇప్పటికీ జనం అడుగుతారు, ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి విమానంలో ఎంతసేపని. విమానం ఉంటే చెప్తాను. లేకపోతే లేదని చెప్పి ఊరుకుంటాను.

ఒక విషయం మాత్రం నన్ను వదల్లేదు. అడగాలని ఎన్నోసార్లు అనుకుని ఆగిపోయాను. మొన్న శ్రావణమాసం ముందు వదిన హుక్కులు కుడుతుంటే పక్కన కూర్చుని, ఎటో చూస్తూ అడిగేశాను.

"అప్పుడు గదికి వెళ్లినప్పుడు అన్నయ్య కనిపించేవాడా?"

వదిన కోపగించుకోలేదు. సూది పక్కన పెట్టింది.

"లేదు. ఒక్కసారీ లేరు. నేను వెళ్లేసరికి అప్పుడే లేచి బయటికి వెళ్లినట్టుండేది. దుప్పటి మడత పెడతా ఉంటే ఇంకా వెచ్చగా ఉండేది." కాసేపు తన చేతుల వంక చూసుకుంది. "ఒక్క పది నిమిషాలు ముందు వెళ్తే దొరుకుతారనిపించేది. ఎప్పుడూ అదే టైముకి దిగేదాన్ని."

ఆ సూది నా చేతికిచ్చి, దారం ఎక్కించమంది. ఈ మధ్య సూది బెజ్జం కనపడ్డం లేదట. కళ్లు చూపించుకోవాలి, కాకినాడ ఎప్పుడు వెళ్దామని అడిగింది. వచ్చే వారం వెళ్దామన్నాను.